ఏడింటికొచ్చే చేతులు

తెల్లారి ఆరింటికల్లా అమ్మ బట్టల ఫ్యాక్టరీకి, నాన్న బస్సు డ్యూటీకి వెళ్ళిపోతారు. ఏడింటికి నాయనమ్మ చేతులు వస్తాయి.

నాయనమ్మ పోయి రెండేళ్ళయింది. చేతులు మాత్రం మణికట్టు మీది పాత కాలిన మచ్చతో సహా ఠంచనుగా స్నానాలగదిలోకి వచ్చి కొళాయి తిప్పుతాయి. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసిన చేతులవి. చెవి వెనక, చంకల్లో, బొడ్డులో, కాలి వేళ్ళ సందుల్లో మురికి ఎక్కడ దాక్కుంటుందో వాటికి కంఠతా వచ్చు. కదిలితే చెవి మెలేస్తాయి. ఇంటి ఓనరమ్మ కిటికీలోంచి చూసి, "పోయినా తీరిక లేదు ఈ మనిషికి" అని తన పనిలో పడిపోయేది. సబ్బు అరిగిపోతే నాన్న కొత్తది తెచ్చి గూట్లో పెట్టేవాడు.

చిన్నోడికి ఏడేళ్ళు, వాడి ఒళ్ళు తోమడంలో వింతేం లేదు. పెద్దోడికి పన్నెండు.

"మీసాలొచ్చే వయసొస్తోంది, ఇంకా ఒకళ్ళ చేత తోమించుకుంటావా? సిగ్గు లేదురా?" అంది అమ్మ.

"లేదు" అన్నాడు పెద్దోడు.

కారణం వాడికొక్కడికే తెలుసు. పోయేముందు నాయనమ్మ వాణ్ణి దగ్గరికి పిలిచి, "నీ ఒళ్ళు నువ్వు శుభ్రంగా తోముకోవడం వచ్చేదాకా నేనెక్కడికీ పోనురా" అంది. నాయనమ్మ మాటంటే మాటే. నేర్చుకున్నాడా, ఆవిడ వెళ్ళిపోతుంది. అందుకని వాడు నేర్చుకోదలచుకోలేదు.

పొద్దున చేతులు ఎంత తోమినా, సాయంత్రానికి వాడు మళ్ళీ మొదటికొచ్చేవాడు. విడిచిన బనీనే తొడుక్కునేవాడు. వారమంతా అవే మేజోళ్ళు. ఆటల్లో చెమట పడితే ఎవడి తువ్వాలు దొరికితే దాంతో తుడుచుకునేవాడు. క్లాసులో పక్కవాడు ముక్కు మూసుకుని బెంచీ చివరికి జరిగితే, వీడు లోలోపల మురిసిపోయేవాడు. ఇంకో రోజు నాయనమ్మ ఉంటుంది కదా!

చివరికి గజ్జి పట్టుకుంది. ముందు వాడికి, తర్వాత వాడి పక్కనే పడుకునే చిన్నోడికి. డాక్టరు ఇంటిల్లిపాదికీ పూసుకోమని మందు రాసిచ్చి, "బట్టలు, దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉతకండి. వీడికి శుభ్రం అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. అమ్మ తల దించుకుంది.

మర్నాడు ఏడింటికి చేతులు వచ్చాయి. సబ్బు అందుకోబోయి ఆగాయి. కుడిచేయి ఎడమచేతి వేళ్ళ సందుల్లో గోకడం మొదలుపెట్టింది. వద్దనుకుంటూనే గోకుతోంది. ఆ సందుల నిండా ఎర్రటి పొక్కులు.

పెద్దోడు తన వేళ్ళ సందులు చూసుకున్నాడు. అవే పొక్కులు. ముప్పై ఏళ్ళు వార్డుల్లో ఎన్ని రోగాలు కడిగినా ఆ చేతులకు ఏమీ అంటలేదు. వీడిది అంటుకుంది!

"సబ్బు ఇటివ్వు నాయనమ్మా."

చేతులు గట్టిగా పట్టుకున్నాయి. మొండిమనిషి కదా. వాడు బతిమాలుతూ ఒక్కో వేలూ విప్పాడు. మెడ, చెవుల వెనక, చంకలు, తొడల సందులు, కాలి వేళ్ళ సందులు అన్నీ తనే రుద్దుకున్నాడు. చేతులు బకెట్ అంచున కూర్చుని చూస్తున్నాయి. మడమ మర్చిపోతే చూపుడువేలు లేచి చూపించింది. అదీ తోమాడు.

చివర్న ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఏమీ బరువు లేవు! ఇన్నాళ్ళూ తన వీపు మంటెక్కేలా రుద్దినవి ఇవేనా అని నోరు తెరుచుకుని చూశాడు. సందు సందుకీ నురగ పట్టించి, కడిగి, ఉతికిన తువ్వాలుతో అద్ది, మందు రాశాడు. కుడిచేయి వాడి చెవి పట్టుకుంది గానీ మెలెయ్యలేదు. కాసేపు అలాగే ఉండి, రెండూ వెళ్ళిపోయాయి. వాడు ఏడ్చాడు.

మరుసటి రోజు ఏడయింది. కొళాయి తిరగలేదు. చిన్నోడు బనీను విప్పేసి పీట మీద కూర్చున్నాడు.

"చేతులు రాలేదేంట్రా అన్నయ్యా?"

"వస్తాయిలే. కదలకు" అంటూ పెద్దోడే సబ్బు తీశాడు. చక్కిలిగింతకి చిన్నోడు మెలికలు తిరిగాడు. పెద్దోడి చేయి దానంతటదే వెళ్ళి చెవి మెలేసింది.

"అబ్బా! అచ్చం నాయనమ్మలాగే మెలేశావ్!"

పెద్దోడు తన చేయి చూసుకున్నాడు. మణికట్టు మీద పాత కాలిన మచ్చ. నిన్నటిదాకా లేదు. సబ్బు పెట్టి రుద్దాడు, పోలేదు. ఇంకోసారి రుద్దాడు.

తర్వాత తమ్ముడి ముందు గొంతుక్కూర్చుని, "కాలు ఇటు పెట్టు, వేళ్ళ సందులు చూద్దాం" అన్నాడు.