ఎత్తిన చెయ్యి

సిమెంటు బస్తా ఒకటి చిరిగింది. అంతే. గోదాం కాంట్రాక్టరు అందరి ముందూ పొడుగాయన చెంప ఛెళ్లుమనిపించాడు. జుట్టు నెరిసేదాకా అక్కడే బస్తాలు మోసిన మనిషి. తోటి హమాలీలు తలలు తిప్పుకుని బస్తాలు మోస్తూ పోయారు. పొడుగాయన తల దించుకుని, ఒలికిన సిమెంటు చేతులతో ఎత్తాడు.

మధ్యాహ్నానికి కాంట్రాక్టరు ఏటి అవతలి హమాలీలను లారీలో తెచ్చి దింపాడు. "మీ నోటికాడ కూడు లాక్కోడానికొచ్చార్రా," అని గుమాస్తా పాతవాళ్ల చెవుల్లో ఊదాడు. పొద్దుటి కోపానికి దారి దొరికింది. పొడుగాయన బస్తాలు లాగే కొక్కెంతో ఒక కొత్తవాడి నుదురు చీల్చాడు. పాతవాళ్లు ఈలలు వేశారు. చెంప మంట చల్లారినట్టయింది. ఆ సుఖం మరిగే గుంపులు గుంపుల మీదికి, దేశాలు దేశాల మీదికి పోతాయి.

ఇంట్లో భార్య చొక్కా మీది రక్తం చూసింది. పొద్దుటి చెంపదెబ్బ సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది.

"ఎవరిదిది?"

"అవతలొడ్డు నాకొడుకుది."

"పొద్దున నిన్ను కొట్టింది వాడా?"

పొడుగాయన చెయ్యి లేచింది. ఆమె కదల్లేదు.

"కొట్టు. వాడయిపోయాడు, ఇక నేనేగా మిగిలింది. కాంట్రాక్టరు మీదికి మాత్రం లేవదు ఈ చెయ్యి!"

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

తెల్లారి పాతవాళ్లను వెంటబెట్టుకుని కొత్తవాళ్ల రేకుల షెడ్డుకు వెళ్లాడు. వాళ్లు కొక్కేలు అందుకున్నారు. నుదుటికి కట్టు కట్టుకున్నవాడు ముందుకొచ్చాడు.

"మిగతా తల కూడా పగలగొడతావా?"

"నన్ను కొట్టినవాడు వేరే. వాడంటే భయమేసి నీ మీద పడ్డాను."

"నరకండ్రా వీణ్ణి!" వెనక నుంచి ఎవరో అరిచారు.

కట్టువాడు ఉమ్మేశాడు. "నిన్ను క్షమించను. కానీ లారీ ఎక్కేటప్పుడు ఆ కాంట్రాక్టరే మా అన్నను కాలితో తన్నాడు. నేనూ నోరెత్తలేదు. ఇక్కడ దిగాక మీలో ఎవణ్ణి పొడుద్దామా అని చూశాను. నువ్వు ముందు కొట్టావు, అదే తేడా."

తిట్లు, తోపులాట చాలాసేపు సాగాయి. చివరికి రెండు గుంపులూ గోదాం తలుపుకు అడ్డంగా కూర్చున్నాయి.

"పాతోళ్లను తన్ని తరమండి, పనంతా మీకే!" కాంట్రాక్టరు కేకలేశాడు.

"ముందు మా అన్నకీ, వీడికీ ఇక్కడే, అందరి ముందూ క్షమాపణ చెప్పు," అన్నాడు కట్టువాడు. "అప్పుడే బస్తా కదులుద్ది."

పోలీసులొచ్చి పొడుగాయనను వ్యానెక్కించారు. ఎస్సై కట్టువాడి భుజం పట్టుకున్నాడు.

"నీ తల పగలగొట్టింది వీడేగా? కంప్లయింటివ్వు."

"వీడి సంగతి నేను చూసుకుంటా. మీరు కాంట్రాక్టర్ని ఎక్కించండి."

కట్టువాడి వీపు మీద లాఠీ విరిగింది. హమాలీలంతా ఒక్కసారిగా లేచి వ్యాను చుట్టూ నిలబడ్డారు. డ్రైవరు హారన్ మోగించాడు, ఇంజనుతో రంకె వేయించాడు. ఎవరూ పక్కకు జరగలేదు.