లైసెన్స్ రాకముందు డాక్టరమ్మ

మామగారితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అందులోనూ అది సంతోషమైతే మెట్లు దిగేలోపు గుమ్మడికాయ అవుతుంది. కోడలు, డాక్టరు చేతికింద వైద్యం చేసే ఫిజీషియన్ అసిస్టెంట్ పరీక్ష పాసైందని తెలిసిన పూటే పాలు పోసే ఆవిడకీ, లిఫ్టు బాగుచేసేవాడికీ, పొరపాటున ఇంటికి ఫోన్ చేసిన ఎవరో పెద్దమనిషికీ కూడా చెప్పేశారు. చెప్పగా చెప్పగా ‘అసిస్టెంట్’ అన్న ముక్క అరిగిపోయి, ఆమె వీధి వీధంతటికీ ఉత్త డాక్టరమ్మ అయి కూర్చుంది.

పాసవడం వేరు, లైసెన్స్ చేతికి రావడం వేరని ఆమె నచ్చజెప్పింది. లైసెన్స్ ఇచ్చే బోర్డువాళ్లు చదువూ నడవడికా అన్నీ తరిచి చూస్తారనీ, ఈలోగా వైద్యం చేసినట్టు తెలిస్తే అసలుకే మోసమనీ అంది. పిల్లని నిద్రపుచ్చి, వంటింటి బల్ల దగ్గర కూరలు మాడ్చుకుంటూ చదివిన చదువు మరి. “అన్నం ఉడికాక మూత తియ్యడానికి కూడా పర్మిషనా?” అన్నారు మామగారు. అత్తగారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆవిడ ఇన్నేళ్ల కాపురం అలాగే నెగ్గుకొచ్చింది.

అప్పట్నుంచీ ఫోన్ మోగితే చాలు, కోడలు పరిగెత్తుకొచ్చేది. బోర్డువాళ్లేమో అనుకుని తడిచేత్తోనే తీసేది. తీరా చూస్తే పరుపులమ్మేవాళ్లు.

ఓ ఉదయం కూరగాయల సంచీతో వచ్చేసరికి గుమ్మంలో కొత్త చెప్పులున్నాయి. లోపల సోఫాలో వీధి చివరి దర్జీ, పక్కనే అతని భార్య. గ్యాస్ పట్టేసిందట, ఓసారి చూడమ్మా అన్నారు మామగారు, అల్మరాలోంచి చీర తీసి చూపించమన్నంత తేలిగ్గా.

గ్యాస్ కాదని ఆమెకి గుమ్మంలోనే తెలిసిపోయింది. దర్జీ మొహం సున్నం కొట్టినట్టుంది. ఫ్యాను కింద కూర్చునీ చెమటలు కారుతున్నాయి, ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. సంచీ అక్కడే వదిలేసి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. అతన్ని కదలొద్దని చెప్పి, చొక్కా పైగుండీలు విప్పింది. ఆ మాత్రం పక్కింటివాళ్లెవరైనా చేస్తారని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆసుపత్రి వరండాలో అందరూ గోడవారగా బెంచీ మీద కూర్చున్నారు. ఎప్పటికో పెద్ద డాక్టరు బయటికొచ్చి, గుండెపోటేననీ, ప్రాణానికి భయం లేదనీ చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. నొప్పి నిన్నటి నుంచీ ఉందటగా, ఇంతసేపూ ఏం చేస్తున్నారని దర్జీ భార్యని నిలదీసింది.

ఆవిడ బెదిరిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోడలివైపు చూపించింది. “ఈ డాక్టరమ్మగారు పొద్దున చూస్తారంటే ఆగామండీ.”

పెద్ద డాక్టరు కళ్లజోడు సర్దుకుంది. “మీరెక్కడ ప్రాక్టీసు?”

“ఎక్కడా లేదండీ. ఇంకా లైసెన్స్ రాలేదు.”

“రాకుండానే ఇంట్లో చూస్తున్నారా? ఇది బోర్డుకి చెప్పకుండా ఎలా వదిలేస్తాను?”

కోడలు నోరు విప్పితే ఇంటి పెద్దని నలుగురిలో నిలబెట్టినట్టు, విప్పకపోతే ఇన్నేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరు. మామగారు నేలమీది పలకల్ని, తనే పరిచినట్టు, పరకాయించి చూస్తున్నారు. అత్తగారు మోచేత్తో ఆయన్ని ఒక్క పోటు పొడిచింది. ఆవిడ అంత గట్టిగా అభిప్రాయం చెప్పడం అదే మొదలు.

మామగారు లేచి నిలబడ్డారు. వీధికంతటికీ వినిపించే ఆ గొంతు తీరా పెద్ద డాక్టరు దాకా పోవడానికే ఆపసోపాలు పడింది.

“అమ్మాయికి ఏమీ తెలీదండీ. నిన్న నొప్పంటూ వస్తే, ఆసుపత్రి దేనికయ్యా, మా ఇంట్లోనే డాక్టరుంది, పొద్దున రమ్మని చెప్పింది నేను. చూడకూడదని తను ముందే చెప్పింది, నేనే వినలేదు. రాస్తే నా పేరు రాసుకోండి. తప్పు నాది.”