మనుషులు లేని ఫొటో

అమరేందర్‌కు నల్గొండలో కళ్లద్దాల దుకాణం ఉంది. వారానికి ఆరు రోజులు వచ్చినవాళ్లకు అక్షరాల బోర్డు చూపించి చదివించడం, ఏడో రోజు మెడలో కెమెరా వేసుకుని తిరగడం ఆయన పని. నల్గొండ కెమెరా మిత్రులు అని ఆరుగురి సంఘం ఒకటుంది, అందులో ఆయన ఒకడు. ఏటా మార్చిలో ఒక హాలు మాట్లాడుకుని వీళ్లు ప్రదర్శన పెడతారు. పోయిన ఏడు అమరేందర్ తీసిన పాలపిట్ట ఫొటోకు స్విచ్‌బోర్డు పక్కన జాగా దొరికింది. అటువైపు వచ్చినవాళ్లలో సగం మంది ఫ్యాను వేసుకోవడానికే వచ్చారు. ఈసారి ఎట్లాగైనా గుమ్మంలోకి రాగానే కనిపించే ఎదురుగోడ మీదికి ఎక్కాలని ఆయన గట్టిగా అనుకున్నాడు.

సంఘం అధ్యక్షురాలు సుచరిత డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఈ ఏడు అంశం ఆమే నిర్ణయించింది, నిర్మానుష్యం అని. ఫొటోలో మనిషన్నవాడు ఎక్కడా కనిపించకూడదు. టైర్ల దుకాణం మల్లేష్‌కు అనుమానం వచ్చి, గోడకు ఎవరిదైనా దండ వేసిన పటం ఉంటే అది మనిషి కిందికి వస్తుందా అని అడిగాడు. దాని మీద చర్చ జరిగి రెండు విడతలు చాయ్ అయిపోయింది. చివరికి దండ వేసిన పటం రావచ్చు, దండ లేనిది రాకూడదు అని తేల్చారు.

నకిరేకల్ దాటాక లోపలి దారిలో మూతబడ్డ చెప్పుల ఫ్యాక్టరీ ఒకటుందని జాడ తీసింది మల్లేషే. హవాయి చెప్పులు చేసేవారట. మూసేసి ఎనిమిదేళ్లయింది. యజమాని బావమరిది ఫోన్‌లోనే సరేనన్నాడు, అక్కడ పురుగు కూడా ఉండదు, నిమ్మళంగా తీసుకోండి అన్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరుగురూ రెండు కార్లలో బయలుదేరి, నార్కట్‌పల్లిలో ఇడ్లీలు తిని, పదకొండింటికల్లా ఫ్యాక్టరీ గేటు ముందు దిగారు.

తుప్పు పట్టిన గేటు, పగిలిన కిటికీలు, గోడల మీద మొలిచిన రావి మొక్కలు చూసేసరికి అమరేందర్ గుండె నిండిపోయింది. మిగతావాళ్లకు చెప్పకుండా గబగబా లోపలికి నడిచి, బాయిలరు గది తలుపు నెట్టాడు. లోపల నలుగురు పెద్దమనుషులు తువ్వాలు పరుచుకుని పేకాడుతున్నారు. ఆయన వైపు కన్నెత్తి చూడకుండానే తలుపు దగ్గరికి వెయ్యమన్నారు, గాలికి ముక్కలు లేస్తున్నాయట.

పెద్ద షెడ్డులో రేకుల కంతల్లోంచి ఎండ కడ్డీల్లా దిగుతోంది. అంత మంచి వెలుతురు ఆయన ఎన్నడూ చూడలేదు. స్టాండు నిలబెట్టి, చూపు సరిచేసుకుని, నొక్కబోయేసరికి ఆ వెలుతురులోకి ఒక మేక వచ్చింది, దాని వెనక నలభై వచ్చాయి, వాటి వెనక కాపరి భిక్షం వచ్చాడు. ఎండపూట మేకలను నీడకు తోలుకురావడం అతనికి రోజూ ఉన్నదే. మూడు కాళ్ల స్టాండు చూసి, రోడ్డు వెడల్పు చేస్తున్నారా, మా ఇంటిదాకా వస్తుందా అని అడిగాడు. కాదని నమ్మించడానికి అమరేందర్‌కు పావుగంట పట్టింది. ఈలోగా ఒక మేక లెన్సు మూత నోట కరుచుకుని పోయింది.

అచ్చులు పోసే గదిలో పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంట ఉంది. పిల్ల ఎర్రటి పొడుగు గౌను వేసుకుంది, పిల్లగాడు మొండి గోడ మీద ఒంటికాలితో నిలబడ్డాడు, వాళ్ల ఫొటోగ్రాఫరు తెచ్చుకున్న మనిషి గులాబీ రంగు పొగ వదులుతున్నాడు. ఆ పొగలోంచి దగ్గుకుంటూ బయటికొచ్చిన మల్లేష్ చెవుల దాకా గులాబీ రంగులో ఉన్నాడు. జనం లేని చోట మొదట ఎవరు తీయాలన్న దాని మీద ఈ జంటకూ సుచరితకూ అప్పటికే మాటామాటా అయింది. ఇక మిగిలిన ముగ్గురు సభ్యులైతే, ఎవరి ఫొటోలోకి చూసినా ఇంకొకరు నేల మీద పడుకుని కనిపించారు.

మూడు దాటింది. అమరేందర్ ఓడిపోయినవాడిలా ముందున్న వాకిట్లోకి వచ్చాడు. ఫ్యాక్టరీ ముఖం పడమటివైపు ఉంటుంది. ఎదురుగా సగం దిగిన పెద్ద షట్టరు, మీద ఊడిపోయిన అక్షరాలు. ఇదే తన ఫొటో అనుకున్నాడు. కాని వాకిలి నిండా ఎండు మిరపకాయలు పరిచి ఉన్నాయి, వాటి మధ్య ఒక ముసలావిడ కూర్చుని తొడిమలు తీస్తోంది. ఆమె పేరు ఈదమ్మ. రెండు కాళ్లకూ ఎడమకాలి చెప్పులే ఉన్నాయి. మూసేసే ముందు కుడికాలి అచ్చు పగిలిందట, మిగిలిన రబ్బరుతో అన్నీ ఎడమకాలివే తీశారట. ఆ కుప్ప ఇంకా లోపలే ఉంది, ఊరంతా అవే తొడుగుతోంది.

అప్పటికే సుచరిత ఆమెతో వాదిస్తోంది. ఇది ఎవరూ లేని చోటు కదా, ఒక్క అయిదు నిమిషాలు లేవమంటే ఏమైంది అని సుచరిత వాదన.

"ఎవలు లేరని ఎవలు జెప్పిండ్రు బిడ్డా?" అంది ఈదమ్మ. "మేం రోజు ఉండే జాగ గిది. మీరొచ్చి ఎవలు లేరంటే మేమేడికి పోవాలె?"

డిగ్రీ కాలేజీలో ఇన్నేళ్లు పాఠం చెప్పిన సుచరిత మిరపకాయలు తొక్కకుండా రెండడుగులు వెనక్కి వేసింది.

అమరేందర్ మాత్రం వేరే విషయం చూస్తున్నాడు. ఈదమ్మ కళ్లద్దాలకు ఒక పక్క కాడ ఊడిపోయి, దారంతో చెవికి కట్టి ఉంది. ఆయన చేతులు ఊరుకోలేదు. పక్కన కూర్చుని, జర ఇటియ్యి అవ్వా అని అద్దాలు తీసుకుని, కెమెరా సంచిలోంచి సన్నటి స్క్రూడ్రైవరు తీసి, కాడ బిగించి, తన చొక్కా అంచుతో తుడిచి ఆమె ముక్కు మీద పెట్టాడు. ఈదమ్మ నలువైపులా చూసింది. మల్లేష్ మీద చూపు ఆగింది.

"గీ పిలగాడు గులాబి రంగున్నడేంది?" అని అడిగింది.

అద్దాలు బాగుచేసిన పిలగాడికి ఫొటో కావాలని తెలిశాక పని అంతా ఆమె చేతిలోకి పోయింది. మిరపకాయలు గోనెసంచుల్లోకి ఎత్తించింది. పేకాటవాళ్లను పేర్లు పెట్టి పిలిచింది, వాళ్లలో ఇద్దరు ఆమె మరుదులే. భిక్షాన్ని మేకలతో సహా బయటికి లాక్కొచ్చింది. పెళ్లి జంట గౌను ఎత్తి పట్టుకుని వచ్చింది. సుచరిత ఒక మొండి మేకను కొమ్ములు పట్టి ఆపింది, మిగతా సభ్యులు కెమెరాలు చంకన పెట్టుకుని తలొక మేకనూ పట్టుకున్నారు. అందరినీ అమరేందర్ వెనకాల వరసగా నిలబెట్టి, తనూ వాళ్లలో నిలబడి, పిలగాడు ఫొటో తీసేదాక ఎవలూ కదలొద్దని ఈదమ్మ ఆజ్ఞ వేసింది.

అయిదున్నర కావస్తోంది. వెనక నుంచి ఎండ బంగారంలా పడుతోంది. అమరేందర్ కిటికీలన్నీ ఒక్కొక్కటే వెతికాడు, షట్టరు కింద చూశాడు, మేడ మీద చూశాడు. ఎక్కడా ఒక్క తల లేదు. వెనకనుంచి పేకాటవాళ్లు కొంచెం ఎడమకు జరగమన్నారు, భిక్షం కుడికి జరగమన్నాడు. ఆయన ఊపిరి బిగబట్టి నొక్కాడు. మరుక్షణం సుచరిత చేతిలోని మేక విడిపించుకుంది, దాని వెంట అన్నీ వాకిట్లోకి ఉరికాయి. ఒక్క ఫొటోనే దక్కింది. ఎండకు కెమెరా తెర మీద ఏమీ కనిపించకపోయినా, తనకు దక్కాల్సింది దక్కిందని తృప్తిగా ఇంటికొచ్చాడు.

అన్నం తిని కంప్యూటర్‌లో తెరిచాడు. భార్య సుహాసిని భుజం మీంచి చూసి, ఇంతమంది ఎవరండీ అంది.

ఫొటోలో మనిషి లేడు. కాని వెనక నిలబడ్డవాళ్లందరి నీడలూ వాకిలి పొడుగునా సాగి షట్టరు దాకా పోయాయి. గౌను నీడ గుడారంలా ఉంది. మల్లేష్ లెన్సు నీడ ఫిరంగిలా ఉంది. నడుమన కొమ్ములున్న తలలు ఎన్నో. అమరేందర్ తెరకు ముక్కు ఆనించి చూశాడు. కిటికీలు వెతికినంతసేపూ నేలవైపు ఒక్కసారైనా చూసుకోలేదని అప్పుడు తెలిసొచ్చింది. ఆ తర్వాత సుహాసిని నవ్వు మొదలుపెట్టింది, ఆయనా ఆపుకోలేకపోయాడు.

నీడ మనిషి కిందికి వస్తుందా రాదా అని సంఘం కూర్చుంది. ముగ్గురు వస్తుందన్నారు, ముగ్గురు రాదన్నారు. వస్తుందన్నవాళ్లలో అమరేందర్ కూడా ఉన్నాడు, అబద్ధం చెప్పలేక. వస్తుందన్న సుచరిత చివరికి తన మాట మార్చుకుంది. మేక నీడల కొమ్ములను బట్టి వాటి జాతి చెప్పవచ్చట, కాబట్టి ఇది జువాలజీ అని తేల్చి, ఎదురుగోడ మీద పెట్టించింది.

ప్రదర్శన రోజు పొద్దున్నే ఒక ఆటో వచ్చి ఆగింది. ఈదమ్మ, ఆమె మరుదులు, భిక్షం, ఇంకో అయిదుగురు దిగారు. పిలిచింది అమరేందరే. తిన్నగా ఆ ఫొటో దగ్గరికే పోయి ఎవరి నీడ ఎవరిదో పంచుకోవడం మొదలుపెట్టారు. ఒక నీడ తనదని ఈదమ్మ అంది, దానికి కొమ్ములున్నాయని భిక్షం అన్నాడు. అది తన కొప్పని ఆమె అంది. మధ్యాహ్నమైనా తెగలేదు. వెనక వచ్చినవాళ్లు వీళ్ల వీపులు చూసి పక్క ఫొటోలకు పోతున్నారు.

సుచరిత లోపలికి పోయి కుర్చీ తెచ్చి ఈదమ్మకు వేసింది. కూర్చున్నాక ఈదమ్మ అద్దాలు పైకి నెట్టుకుని మళ్లీ మొదటినుంచి నీడలు లెక్కపెట్టసాగింది.