ఎనిమిదో స్థానానికి ఒక లారీ

“అమ్మాయి దూకే ఇసుకలో గాజుపెంకు ఉంటే?” అన్నాను, ఇవాళ్టి పోటీ ఇంకా మొదలు కాకముందే.

“ఉండదు,” అన్నారు మా ఆయన. “ఈ పిప్పరమెంటు నోట్లో వేసుకో. అది కరిగేదాకా మాట్లాడకు.”

మా అమ్మాయిది ఏడు ఆటల పోటీ. రెండు రోజుల్లో పరిగెత్తాలి, దూకాలి, విసరాలి. ఏడాది మొత్తంలో బాగా ఆడిన మూడు పోటీల పాయింట్లు కలిపి, అన్ని దేశాల వాళ్ళకీ కలిపి ర్యాంకులు ఇస్తారట. ఎనిమిదిలోపు వస్తేనే క్లబ్బు వాళ్ళు అమ్మాయి కోచ్‌ని వచ్చే ఏడు కూడా ఉంచుతామన్నారు. ఇది మూడో పోటీ, ఆఖరుది. నిన్నటి నాలుగు ఆటలూ క్షేమంగా గడిచాయి, నేను హోటల్ గదిలో ముసుగు తన్ని పడుకున్నాను కాబట్టి. ఇవాళ ఉండబట్టలేక వచ్చాను.

లాంగ్‌జంప్‌కి అది పరుగు అందుకుంది. నేను లేచి నిలబడి అరిచాను.

“జాగ్రత్తే!”

ఆగబోయి, గీత దాటి, ఇసుకలో బోర్లా పడింది. ఎర్రజెండా లేచింది.

దాని తప్పేం లేదు. చిన్నప్పుడు రోడ్డు దాటడం అలా నేర్పాను. ‘జాగ్రత్త’ అంటే ఉన్నచోటే ఆగాలి. ‘వెనక లారీ’ అంటే తిరిగి చూడకుండా పరిగెత్తాలి.

రెండోసారీ అదే మాట నోరు జారింది. మూడోసారి మా ఆయన నా నోరు చేత్తో మూశారు. అది నా వైపు బెదురుగా చూస్తూ, గుంట దాటినట్టు ఇంత దూకి ఊరుకుంది.

“అమ్మని గదికి పంపించెయ్ నాన్నా,” అంది. ఇక నాతో మాటల్లేవు.

నేను కదల్లేదు. ఈటెలు విసిరినంతసేపూ చేతిసంచి నెత్తిన పెట్టుకుని కూర్చున్నాను.

మిగిలింది ఎనిమిది వందల మీటర్ల పరుగు. కోచ్ వచ్చాడు. “ఆ నీలం బనీను పిల్లకంటే ముందొస్తే మనం ఎనిమిది. లేకపోతే తొమ్మిది. అమ్మా, మీరు మాత్రం...” అని రెండు చేతులూ జోడించాడు.

ఆఖరి మలుపులో మాది ముందుంది. కాళ్ళు బరువెక్కిపోయాయి. నీలం బనీను మీదమీదకి వచ్చేస్తోంది. పిప్పరమెంటు కటుక్కున కొరికాను.

“వెనక లారీయే!”

మా ఆయన అలవాటు కొద్దీ పక్క కుర్చీలోకి దూకారు. అది మాత్రం వెనక్కి చూస్తే ఒట్టు! గీత దాటాక కూడా ఆగలేదు, కోచ్ వెళ్ళి పట్టుకున్నాడు.

ఎనిమిదో ర్యాంకు.

గదికొచ్చాక ఐసునీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

“కోపమా?” అన్నాను.

ఇంకో ఐసుముక్క తీసి బకెట్లో వేసుకుంది.

“అంత చల్లటి నీళ్ళు... జలుబు చేస్తుందే.”

ఐసు మొత్తం కరిగిపోయింది. ఇక జన్మలో నాతో మాట్లాడదనే అనుకున్నాను.

“వచ్చే ఏడు కూడా రా,” అంది చివరికి, తువ్వాలు అందుకుంటూ. “లాంగ్‌జంప్‌కి కూడా లారీ అనే అరవాలి.”