నెల రాకముందే

నా కూతురి కడుపు పోయిన రోజున వాళ్ళింట్లో సంతోషపడ్డారు. ఇందులో అనుమానం ఏమీ లేదు. అత్త "హమ్మయ్య" అనుకుంది, ఆడపడుచుకు ఫోన్ చేసి మరీ చెప్పింది. మొగుడు భుజం తట్టాడు.

ఇది అమ్మాయి నాతో చెప్పుకోవలసిన సంగతి కాదు. తల్లితో చెప్పుకోవాలి. తల్లి పోయింది, మిగిలింది నేను. చెక్కపని చేసుకునేవాణ్ణి, ఊరి బడి దాటి చదివినవాణ్ణి కాను. ఒక ఆదివారం మధ్యాహ్నం బిడ్డను చంకనేసుకుని వచ్చింది. బిడ్డను నా మంచం మీద పడుకోబెట్టి, నేను వద్దంటున్నా వినకుండా నా ఇంటి అంట్లు ముందేసుకుంది. వీపు నావైపు పెట్టి తోముతూ చెప్పింది. ముఖం చూస్తూ అయితే తను చెప్పలేకపోయేది, నేను వినలేకపోయేవాణ్ణి.

బిడ్డ ఇంకా బోర్లా పడటం నేర్చుకుంటున్న రోజుల్లోనే అత్త మొదలుపెట్టిందట. "రెండోది కూడా వెంటనే కానిచ్చెయ్యవే. ఒకే కష్టంతో ఇద్దరూ పెరిగిపోతారు." ఆవిడకు నలుగురు పిల్లలు. కాన్పుకీ కాన్పుకీ మధ్య తను ముట్టయిందే లేదని, నెల చూసిందే లేదని ఆవిడ గొప్ప. "పాలు తాగే పిల్ల ఒళ్ళో ఉండగానే ఇంకోటి కడుపులో పడేది మాకు. మీకేమో అన్నీ టైం ప్రకారం జరగాలి." మా అమ్మాయికి కూడా కాన్పయ్యాక నెల రాలేదు. అది మంచిదేనట. వచ్చేలోపే కడుపు నిలబడాలట.

నిలబడమంటే నిలబడుతుందా? అమ్మాయి బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కుట్టి వచ్చిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించి, గుండీలు సరిచూసి, మడతపెట్టే పని. రోజంతా నిలబడాలి. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిస్తే పైట నిండుగా కప్పుకుని మడతపెట్టేది. "ఏమ్మా, నీ ఒక్కదానికే వాన పడిందా?" అనేవాడట సూపర్‌వైజరు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇంటికొస్తే బిడ్డ, బిడ్డ తర్వాత వంట, వంట తర్వాత అంట్లు, అన్నీ అయ్యాక మొగుడు. "అమ్మ అడుగుతోంది" అనేవాడట పక్కన చేరి. ఆ మాటతో ఒంట్లో మిగిలిన కాస్త ప్రాణమూ చచ్చిపోయేదంది. ఆ మంచం మీద తనూ ఆయనే కాదు, అత్తగారు కూడా వచ్చి కూర్చున్నట్టుండేదంది. ఇదీ చెప్పింది. నేను గిన్నెలు తుడుస్తూ విన్నాను.

నెలలు గడిచినా కడుపు రాలేదు. అత్త మాట మార్చింది. "దీని ఒళ్ళు మా ఒళ్ళలాంటిది కాదు. ముందు నెల రావాలి, అప్పుడే దారి తెరుచుకుంటుంది. పాలు మాన్పించెయ్యాలి." బిడ్డను తన గదిలో వేసుకుని తలుపు గడియ పెట్టింది. గోడ అవతల బిడ్డ ఏడుపు. ఇవతల పాలు గడ్డకట్టి, రొమ్ములు రాళ్ళయి, అమ్మాయికి జ్వరం.

"తలుపు తట్టలేకపోయావా?" అని అడిగాను.

"తట్టాను నాన్నా. రెండ్రోజులు ఏడ్చి అదే మర్చిపోతుందిలే, వెళ్ళి పడుకో అంది. అది మర్చిపోతుందేమోనని ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది నాకు."

తర్వాత కొన్నాళ్ళకు ఫ్యాక్టరీలో ఇస్త్రీ ఆవిరి వాసనకు కడుపులో తిప్పింది. మొదటి బిడ్డప్పుడు తిప్పినట్టే. మొగుడితో చెప్పింది. మా అల్లుడు బడిలో సైన్సు పాఠాలు చెబుతాడు.

"నెలే రాందే కడుపెక్కణ్ణుంచి వస్తుంది? ఆకాశంలోంచి ఊడిపడుతుందా?" అని నవ్వాడు. పరీక్ష చేసుకుంటానంటే, "ఆ కిట్టు నెల తప్పినవాళ్ళకి. నీకు తప్పడానికి అసలు నెలేదీ?" అన్నాడు.

అత్తకు చెప్పింది. "మీకొచ్చినట్టే నాకూ వచ్చిందేమో అత్తయ్యా."

"మా ఒంట్లో సత్తువుండేది. నీ ఒంట్లో ఏముందని? పైత్యం చేసుంటుంది."

తన ఒంటి సంగతి తనకు తెలుసు. కానీ చదువుకున్నవాడు కాదన్నాడు, నలుగుర్ని కన్నావిడ కాదంది. ఇద్దరూ కాదనేసరికి తనకు తెలిసింది తనకే అబద్ధంలా తోచింది. చొక్కా మీద వేలితో తడిమి వదులైన గుండీ ఎక్కడుందో చెప్పే పిల్ల, తన కడుపు మీద తనే చెయ్యేసుకుని, ఉందా లేదా అని ఇంకొకళ్ళ నోటివైపు చూడాల్సివచ్చింది. వాళ్ళు లేదన్నారు. లేదు కాబోలనుకుంది.

నెల తెప్పించడానికి అత్త ఏవో వేర్లు తెప్పించి నల్లగా మరిగించింది. గ్లాసు చేతికిచ్చి, "అడుగు కనపడాలి" అని ఎదురుగా నిలబడింది.

"పారబొయ్యలేకపోయావా?"

"ఎదురుగా నిలబడితే ఎక్కడ పారబొయ్యను నాన్నా?"

ఆ వారంలోనే పని మధ్యలో నడుము పట్టేసింది. చొక్కాలు వదిలేసి ఇంటికొచ్చింది. స్నానాలగదిలో చూసింది. చూసింది ఏమిటో నాకు చెప్పలేదు. మగ్గుతో నీళ్ళు పోసింది తనేనని మాత్రం చెప్పింది. బయటికొచ్చేసరికి అత్త ముఖం వెలిగిపోతోంది. "వచ్చిందా? నే చెప్పలా!" మొగుడు భుజం తట్టి, "చూశావా, ఊరికే ఏదేదో ఊహించుకున్నావ్" అన్నాడు. ఆ పూట వంట అత్తే చేసింది. కాపురానికి వెళ్ళాక అదే మొదటిసారట.

మర్నాడు పనికి వెళ్తే ఫ్యాక్టరీలోని నర్సమ్మ వాలకం చూసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. "ఇది నెల కాదమ్మా, కడుపు పోయింది" అంది డాక్టరమ్మ.

"ఇంట్లో చెప్పావా?" అన్నాను.

"చెబితే ఏమంటారో తెలుసు. కడుపని తెలిసి ఎందుకు తాగావంటారు."

అంట్లు అయిపోయాయి. చేతులు తుడుచుకుని అప్పుడు నావైపు తిరిగింది. మొన్న మళ్ళీ అదే ఆసుపత్రికి వెళ్ళి కాపర్‌టీ వేయించుకున్నానంది. "నేనుగా తీయించుకునేదాకా ఇంక కడుపు రాదు. ఎవరికీ తెలీదు నాన్నా. నీకు తప్ప." బిడ్డను లేపి, ముఖం కడిగి, చీకటి పడకముందే వెళ్ళిపోయింది. ఉండమనలేదు నేను. ఉంటే ఎందుకున్నావని వాళ్ళింట్లో అడుగుతారు.

ఇప్పుడు అమ్మాయికి నెల తప్పకుండా వస్తోంది. కడుపు నిలిచే మందంటూ అత్త మళ్ళీ ఏదో మరిగిస్తోందట. అదీ తాగుతోంది.

నిన్న ఆవిడే ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కడుపు మాత్రం పండటం లేదు. మీ వైపు ఎవరికన్నా ఇలా ఉందా? పోయిన వదినగారికేమన్నా...?"

చచ్చినావిడను కూడా వదల్లేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. నేను నోరు జారితే కోపం తీరేది నాకు, దెబ్బలు తినేది అది.

"ఈ సంగతి నా దగ్గర ఎత్తకండి" అన్నాను.

"అదేంటన్నయ్యగారూ, పిల్లనిచ్చినవారు, మీరు పట్టించుకోకపోతే ఎలా?"

"ఇవాళే కాదు. నేను పోయేదాకా ఎత్తకండి."

ఫోన్ పెట్టేశాను. అల్లుడు వచ్చి అడిగినా ఇంతే. నా నోట ఇంక ఈ మాట రాదు.