కాలరు లోపలి పేరు

మా ఆవిడ సూది పట్టుకుందంటే నేను చెప్పులేసుకుని బయటికి పోతాను. ఉంటే దారం ఎక్కించమంటుంది. ఎక్కిస్తే ఇంత పొడుగు తీశారేమంటుంది, కత్తిరిస్తే ఇంత పొట్టిగా చేశారేమంటుంది. బస్సు నడిపినన్నాళ్ళూ ప్రయాణికులు కూడా నన్ను అన్ని మాటలు అనలేదు. ఆ రోజు మాత్రం వాన దంచి కొడుతూండటంతో ఇంట్లోనే దొరికిపోయాను.

కుట్టాల్సింది మా మనవరాలి స్వెట్టరు మీద పేరు. మా అమ్మాయి ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పని చేస్తుంది, అల్లుడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. కాబట్టి పిల్లను తయారు చేసి బడికి పంపడం, తీసుకురావడం మా ఇద్దరి పని. ఒకటో తరగతిలో చేరిన నెలకే పిల్ల స్వెట్టరు పోయింది. తర్వాత టోపీ. ఆ తర్వాత ఒక కాలి మేజోడు. ఒక్క మేజోడు ఎవడికి పనికొచ్చిందో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. ప్రతి బట్ట మీదా పేరుండాలని బడివాళ్ళు కబురు పంపారు.

మా అమ్మాయి మొదట పెన్నుతో రాసింది. రెండు ఉతుకులకే పేరు కాస్తా నీలిమందు మరకైపోయింది. తర్వాత ఇస్త్రీ పెట్టి అతికించే స్టిక్కర్లు తెప్పించింది. అందులో ఒకటి ఇస్త్రీపెట్టెకే అంటుకుంది. ఇంకోటి ఉతికేటప్పుడు ఊడి నా బనీను వీపుకు పట్టుకుంది. అది వేసుకుని నేను పాల దుకాణం దాకా వెళ్ళొచ్చాను. "తాతయ్యా, నువ్వు తప్పిపోతే మా ఇంటికే తెచ్చిస్తారు" అని పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇవన్నీ పై పూతలు. కుడితేనే నిలుస్తుంది" అని మా ఆవిడ తీర్మానించింది. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, మనం నోరెత్తకూడదు.

పిల్లకు బడి పేరు పెద్దది. వాళ్ళ మేనత్త ఎక్కడెక్కడో వెతికి పెట్టింది. అది పలికేసరికి నాకు మధ్యలో ఊపిరి తీసుకోవాలనిపిస్తుంది. దాన్ని కాలరు లోపల కుడితే ఈ చెవి నుంచి ఆ చెవి దాకా వచ్చింది. పిల్ల వేసుకుని రెండు నిమిషాల్లో పీకి పారేసింది, మెడకు గుచ్చుకుంటోందని. మా ఆవిడ ఓపిగ్గా అంతా విప్పేసి, మెత్తటి ఎర్రదారంతో ఇంట్లో పిలిచే పేరు కుట్టింది. బుడంకాయ.

"అమ్మా, అసలు పేరు కుట్టవే" అంది మా అమ్మాయి.

"కాలరు లోపల ఎవరు చూస్తారే? దాని బట్ట దానికి తెలిస్తే చాలదూ."

ఆ పేరు సంగతి కూడా చెప్పాలి. పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. అద్దాల పెట్టెలో పెట్టారు. మా అమ్మాయి లేవలేని స్థితి. నర్సు తలుపు సందులోంచి చూపిస్తే మా ఆవిడ, "ఇదేంటండీ, బుడంకాయంత కూడా లేదు" అంది. అప్పటికి పిల్లకు వేరే పేరు లేదు. నిలుస్తుందో లేదో తెలియని బిడ్డకు పేరు పెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. మా ఆవిడ మాత్రం రోజూ వెళ్ళి అద్దం ఇవతల నిలబడి, "ఏమే బుడంకాయ్, లేచావా? తిన్నావా?" అని పిలిచేది. లోపలికి వినపడదే అని నేను కసిరాను కూడా. ఒకరోజు ఆవిడ పిలిచినప్పుడు పిల్ల కాలు కదిలించింది. పిలుపుకే కదిలిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నేను వాదించను.

ఒకటో తరగతంతా ఆ కుట్టుతో హాయిగా గడిచిపోయింది. స్వెట్టరు ఎక్కడ వదిలేసినా బళ్ళో ఆయా నవ్వుకుంటూ తెచ్చి ఇచ్చేది. పిల్లకైతే మహా సంతోషం. అక్షరాలు నేర్చుకుంటూ అది మొట్టమొదట కూడబలుక్కుని చదివింది ఆ కాలరే. వేలు పెట్టి చదివి, "ఇది నేనే" అని ఇల్లంతా తిరిగింది. మా ఆవిడ మురిసిపోయి రుమాళ్ళ మీద, మేజోళ్ళ మీద, చివరికి టోపీ లోపల కూడా అదే కుట్టింది.

మా వెర్రిగానీ, చదువు మా పిల్ల ఒక్కదానికే వస్తుందా? రెండో తరగతికి అందరికీ వచ్చింది.

కొత్త టీచరమ్మ ఆటలయ్యాక స్వెట్టర్లన్నీ బల్ల మీద కుప్ప పోసి, పిల్లల చేత ఒక్కొక్కటి తీయించి పేరు చదివించి ఇప్పించేదట. చదవడం అలవాటవుతుందని. మంచి ఆలోచనే, ఆవిడను ఏమనగలం. ఎవరో పిల్ల మా మనవరాలి స్వెట్టరు ఎత్తి, గట్టిగా, అక్షరం అక్షరం చదివింది. క్లాసంతా విరగబడి నవ్వింది. అందులోనూ మా పిల్ల అందరికన్నా పొట్టి. ఇక చెప్పాలా? వరసలో నిలబడితే బుడంకాయ, నీళ్ళు తాగుతుంటే బుడంకాయ, గేటు దగ్గర బుడంకాయ.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ముందు కనపడ్డవి చిల్లులు. కాలర్లకు చిల్లులు, మేజోళ్ళకు చిల్లులు. ఎలుకలేమోనని నేను బోను కూడా తెచ్చి పెట్టాను. చివరికి మా అమ్మాయే పట్టుకుంది. బీరువా పక్కన కూర్చుని పిల్ల కత్తెరతో ఎర్రదారం పీకుతోంది. ఎందుకే ఈ పాడుపని అని రెండు కేకలేసేసరికి అంతా బయటికొచ్చింది.

మా ఆవిడ మొదట నవ్వేసింది. "ఓసి పిచ్చిదానా, ఏదో ఆట పట్టించారు, అంతేగా. రావే బుడంకాయ్, ఇలా రా" అని చేతులు చాపింది.

పిల్ల రాలేదు. "నువ్వు కుట్టబట్టే కదా అమ్మమ్మా. నన్నింక ఎప్పుడూ అలా పిలవొద్దు" అంది. అరవలేదు, నేలకేసి కాళ్ళు కొట్టలేదు. చిన్నపిల్ల అంత నెమ్మదిగా మాట్లాడితే భయమేస్తుంది.

మా ఆవిడ ఉన్న బట్టలన్నీ ముందేసుకుని కూర్చుని అన్నిటి మీదా బడి పేరు కుట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. స్వెట్టరు మీద పేరు మారింది గానీ పిల్లల నోళ్ళలో మారదు కదా. ఇంట్లోనైనా మానేద్దామని ఆవిడ బడి పేరుతో పిలవడానికి చూసింది. సగం అనేసరికి నాలుక మడతపడేది. మళ్ళీ మొదలుపెట్టేలోపు పిల్ల "నువ్వేం పిలవొద్దులే, నేనే వస్తాను" అనేది. అన్నట్టే వచ్చేది కూడా. అన్నానికి వచ్చేది, జడకి వచ్చేది. కొన్నాళ్ళకి మా ఆవిడ దాన్ని పిలవడమే మానేసింది. ఏదైనా చెప్పాలంటే లేచి గదిలోకి వెళ్ళి భుజం తట్టి చెప్పేది. పొద్దస్తమానం పిలుపులతో మోగిన ఇల్లు చప్పబడిపోయింది. ఆవిడ నోటికి తాళం పడితే బాగుండునని నేను ఎన్నోసార్లు అన్నవాణ్ణే. పడ్డాక భరించలేకపోయాను.

ఒక ఆదివారం నేను మంగలి దుకాణానికి వెళ్ళాను. అమ్మాయి డ్యూటీలో ఉంది. తిరిగొచ్చేసరికి ముందుగదిలో మా పిల్ల, దాని క్లాసు పిల్ల ఒకతి కలిసి బొమ్మలకు రంగులు వేసుకుంటున్నారు. లోపల కొళాయి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు.

"అమ్మమ్మేదే?"

"స్నానానికెళ్ళింది, తాతయ్యా."

తలుపు కొట్టాను. పలికినా ఆ నీళ్ళ చప్పుడులో వినపడలేదు. తోసి చూస్తే మా ఆవిడ తడి నేల మీద పక్కకు పడి ఉంది. కాలు వంకర తిరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఎంతసేపయిందే పడి? పక్కగదిలో పిల్లలున్నారు కదా, పిలవచ్చు కదా" అని అరిచాను. భయమేస్తే నాకు కోపమే వస్తుంది.

"పిలుద్దామనే అనుకున్నానండీ. నోట్లోకి ఆ పేరే వచ్చింది. బడిపిల్ల కూడా ఉంది కదా, మళ్ళీ నవ్వుతారేమోనని మింగేశాను."

"ఆ రెండో పేరుతో పిలిచి చావొచ్చుగా."

"నొప్పికి గుర్తు రాలేదండీ" అంది.

వెనక్కి తిరిగితే మా పిల్ల గడప దగ్గర నిలబడి ఉంది. చేతిలో రంగు పెన్సిలు. అంతా వింది. దాన్ని దగ్గరికి తీసుకోవాల్సింది. "వెళ్ళి పక్కింటావిణ్ణి పిలుచుకురా, ఫో" అని కసిరి పంపాను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. చిన్నపిల్లల్ని రానివ్వని గదిలో ఉంచారు మొదట. బయటి గదిలోకి మార్చాక పిల్లను తీసుకెళ్ళాను. లోపలికెళ్ళి మంచం ఊచ పట్టుకుని నిలబడింది. చుట్టూ మంచాల నిండా జనం, వాళ్ళ చుట్టాలు.

"అమ్మమ్మా, నన్ను బుడంకాయ అని పిలువు."

మా ఆవిడ దాని మొహంలోకి చూసింది. "వద్దులేమ్మా."

"పర్లేదు. గట్టిగా పిలువు. అందరూ విన్నా ఏం కాదు."

మా ఆవిడ తలగడ మీద కాస్త పైకి జరిగింది. గొంతు సవరించుకుంది. తర్వాత పిల్ల బడి పేరు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఊపిరి తీసుకోకుండా పలికింది. పలికి నా వైపు తిరిగింది.

"చూశారా, వచ్చేసింది. పడుకుని రోజంతా ఇదే వల్లె వేసుకున్నానండీ. మళ్ళీ ఎప్పుడైనా పడితే అవసరానికి ఉండాలి కదా."

బాగా అన్నావే అని నేను మెచ్చుకుంటానని ఆవిడ ఎదురుచూస్తోంది. పిల్ల మంచం ఊచ వదిలేసి నిటారుగా నిలబడింది. తర్వాత, బళ్ళో హాజరు పిలిచినప్పుడు పలికినట్టు, "ఆఁ, ఉన్నాను అమ్మమ్మా" అంది.