కోతపండగ వేలంలో కరుణశ్రీ సైకిలు

డేవిడ్‌రాజుకు భార్య మీద కోపమేమీ లేదు, కోపమంతా ఆమె సైకిలు మీదే. కరుణశ్రీ ఆత్మకూరులో ఆడపిల్లల బడి టీచరు. తొంభై ఆరులో డీజిలు ఆటోలు దిగినాక బజారంతా పొగ, పిల్లలకు ఒకటే దగ్గు. ఇకమీదట టీచర్లూ పిల్లలూ సైకిళ్ల మీదే రావాలని హెడ్‌మిస్ట్రెస్ అంటే, ముందు చెయ్యెత్తింది కరుణశ్రీ. పొద్దున్నే గ్రౌండులో పిల్లలకు సైకిలు నేర్పే పని కూడా తన నెత్తినే వేసుకుంది.

మంచి పనే కదా! కానీ డేవిడ్‌రాజు ఆఫీసులో పెంచలప్రసాద్ అని ఒకడుండేవాడు, నోరు ఊరుకోదు.

"ఏందిరా రాజూ, మీ ఇంట్లో మగోడు ఎవురు? మీ ఆవిడ బెల్లు కొట్టుకుంటా పోతా ఉంటే ఆటోవాళ్లు పక్కకు తప్పుకుంటా ఉండారే!"

ఆఫీసంతా పగలబడి నవ్వింది. రాజుకు తల కొట్టేసినట్టయింది. పోనీ, సైకిలు మానెయ్యమని పెళ్లానికి చెప్పే ధైర్యముందా అంటే అదీ లేదు.

ఏం చేసినాడో తెలుసా ఈ పెద్దమనిషి? తెల్లారకముందే లేచి చక్రంలో వాల్‌ట్యూబు పీకేసేవాడు. చిన్న రబ్బరు ముక్క, అది లేకపోతే గాలి నిలవదు. ఆమె ఉసూరుమంటూ ఆటోలో ఇరుక్కుని, పొగ మింగి, ఆలస్యంగా బడికి పోయేది. సాయంత్రం ఈయనే గొంతుక్కూర్చుని అది బిగించి, గాలి కొట్టి, "బాగైందిలే" అనేవాడు. టీచరు వేళకు రాక, పిల్లలు ఎదురుచూసి ఎదురుచూసి మళ్లీ ఆటోలెక్కడం మొదలుపెట్టినారు.

కోతపండగ వచ్చింది. ఆరోజు ఎవరికి కలిగింది వాళ్లు చర్చికి కానుకగా తెస్తారు, ఆరాధన అయినాక వేలం వేస్తారు. గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల బస్తాల పక్కన కరుణశ్రీ సైకిలు! రాజుకు మాటమాత్రమైనా చెప్పలేదు. ఆమె చెంగు తలమీదికి లాక్కుని, దేవుడు చేసిన మేలు నలుగురి ముందూ చెప్పుకునే సాక్ష్యానికి లేచింది.

"ఈ సైకిలు నాకు అచ్చిరాలేదు. మా ఆయన ఒక్కనాడూ విసుక్కోకుండా, ఆఫీసులో అలిసిపోయి వచ్చి కూడా బాగుచేసినాడు. ఇంక ఆయన్ని కష్టపెట్టలేను. అట్లాంటి భర్తనిచ్చిన ప్రభువుకు స్తోత్రం."

"స్తోత్రం!" అన్నారందరూ.

రాజు సిగ్గుతో చితికిపోయినాడు. నిజం చెప్పేద్దామని లేచినాడు కూడా. అందరూ తనవైపు తిరిగేసరికి, ఛీ, ఏం మనిషిని నేను అనుకుంటా కూలబడినాడు.

వేలం మొదలైంది. ఉదయగిరి రోడ్డులో ఆటో నడిపే వెంగయ్య తన కొడుక్కని సైకిలు పాడినాడు. రాజుకు ఏమైందో ఏమో, వెంగయ్య ఎంతంటే దానికి పైన పాడి దక్కించుకున్నాడు. చప్పట్లే చప్పట్లు! "భార్య మీద ప్రేమంటే ఇదయ్యా!" అని పాస్టరు దయాసాగర్ గారు తలమీద చెయ్యి పెట్టి దీవించినారు. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండుననిపించింది రాజుకు.

బయట కరుణశ్రీ కళ్లు తుడుచుకుంటా నవ్వింది. "ఎందుకండీ అంత మొండితనం? మళ్లీ గాలి పోతే?"

"పోదులే. ఇంకెప్పుడూ పోదు."

"మీకెట్లా తెలుసు?"

రాజు తల వంచుకున్నాడు. ఆమె అట్లాగే చూసింది. చూస్తా చూస్తా ఉండగానే ఆ ముఖంలో నవ్వు పోయింది.

"పిల్లలు నాకోసం గ్రౌండులో నిలబడి ఉండినారు కదండీ" అంది మెల్లగా.

సైకిలు అతని చేతుల్లోంచి తీసుకుని, ఎక్కి, ఒక్కతే ఇంటికి పోయింది.